మూడో నంబరు ట్రే

పిల్లల బస్సు పదింటికి.
ఏడింటికే నేను పాతిపెట్టేస్తాను.

విజయనగరం కోట వెనక పాత ధాన్యం గిడ్డంగి,
ఇప్పుడు మ్యూజియం.
చంపావతి ఇసుక, రెండుసార్లు జల్లెడ పట్టింది,
ఆరు చెక్క ట్రేలలో జానెడు లోతు.
ఒక్కో ట్రేలో ఒక్కో ప్లాస్టర్ దిమ్మ,
దిమ్మ కడుపులో గవ్వో, పన్నో, ఆకు అచ్చో.
భానోజీ సారు కాగితం మీద రాసిస్తారు,
ఇది ఇరవై కోట్ల ఏళ్ళది, అది ఏడు కోట్లది అని.
నా చేతిలో మాత్రం అన్నిటి వయసూ
ఒక్క రాత్రే.

అసలు శిలాజం ఒక్కటే ఉంది ఇక్కడ,
అద్దం పెట్టెలో, తాళం వేసి.
చుట్టలు చుట్టుకున్న సముద్రపు నత్త, రాయైపోయింది.
తుడిచే పని నాదే.
తాళం తీసినప్పుడల్లా చేత్తో తూచి చూస్తాను:
కిలో కందిపప్పు కన్నా తక్కువే
అంత కాలమూ.

గంట్యాడ బడి పిల్లలు దిగారు.
చెప్పులు గుమ్మం బయట, అరుపులు లోపల.
సారు నాలుగు మాటలు చెప్పేలోపే
వేరుశనగ చేలో ఉడతల్లా పడ్డారు.
"ఒలే, బేగి తవ్వకు, ఇరిగిపోద్ది!"
"నీకేటి దొరికింది?"
"రాకాసిబల్లి పన్ను!"
"పోరా, అది మీ తాత పన్ను."
బ్రష్షులు ఇచ్చింది మెల్లగా దులపమని.
ఒకడు దాంతో పక్కవాడి మెడమీద గిలిగింతలు.
ఇంకొకడు ఇసుక జేబులో పోసుకుంటున్నాడు,
ఇంటికెళ్ళి తీరిగ్గా వెతుకుతాట్ట.

మూడో నంబరు ట్రే దగ్గర మాత్రం
జోషిత అనే గుంట
దొరికిన గవ్వను పట్టించుకోకుండా
దిమ్మను బోర్లా తిప్పి కూచుంది.
టూత్‌బ్రష్షుతో అడుగు తోముతోంది,
నాలిక పంటికింద పెట్టుకుని.

"అమ్మా, ఇది ఏ చేప?"

చూశాను.
అడ్డం నిలువు, అడ్డం నిలువు, సన్నటి గళ్ళు.
"పొలుసులు కదా," అంది. "కాగితంలో దీని పేరు లేదు."

భానోజీ సారు కళ్ళజోడు నుదుటికి ఎక్కించి
నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు.

దిమ్మలు ఆరబెట్టేటప్పుడు కింద పరిచేది గోనె.
మా మిల్లుదే.
గేటుకి గొలుసు పడ్డ రోజు
అందరూ బాకీ జీతాలు లెక్క రాయించుకుంటుంటే
నేను మడిచి చంకన పెట్టుకొచ్చింది.
పద్దెనిమిదేళ్ళు నిలబడ్డాను మగ్గం ముందు.
నార దుమ్ము ముక్కులోంచి పోయింది గానీ
మోత చెవుల్లోంచి పోలేదు.
ఇప్పటికీ ఎవరైనా మెల్లగా మాట్లాడితే
పెదాలే చూస్తాను.

ఆ గుంట పెదాలు చూస్తూ చెప్పాను,
"చేప కాదమ్మా, గోనె."
"గోనె ఎక్కడ బతికేది?"
రైలు కట్ట దాటాక, ఊరి చివర.
"ఎంత పెద్దది?"
మూడు షిఫ్టుల మనుషులు పట్టేంత.
"మరి ఎలా సచ్చిపోయింది?"

యూనియన్ మీటింగుల్లో అడిగాం ఆ మాట,
లేబరాఫీసు మెట్ల మీద అడిగాం.
"ఎవరూ సరిగ్గా చెప్పలేదమ్మా," అన్నాను.
తలూపింది.
రాకాసిబల్లుల గురించి కూడా
సారు అదే అన్నట్టున్నారు.

కాగితం వెనక్కి తిప్పి రాసుకుంది.
పేరు, గోనె.
దొరికిన చోటు, మూడో నంబరు ట్రే.
వయసు దగ్గర పెన్సిలు ఆపి నావైపు చూసింది.
వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
"తొమ్మిది," అన్నాను.

తొమ్మిది కోట్లు, అని రాసింది.
నేను దిద్దలేదు.

బస్సు వెళ్ళాక ఇసుక మళ్ళీ జల్లెడ పట్టాను.
ఒక పెన్సిలు ముక్క, రెండు చింతపిక్కలు,
ఎవరిదో పాలపన్ను.
కడిగి, ఎక్కడ పెట్టాలో తోచక
అద్దం పెట్టె తాళం తీశాను.